అన్నిటికన్నా మంచిదా, మనకు సరిపోయేదా: ఏది మేలు?

కొనేముందు ఎంత వెతకాలి అని చాలామంది అడుగుతున్నారు. ఈమధ్యే వాషింగ్ మెషీన్ కొన్నాను కాబట్టి దాన్ని పట్టుకునే చెబుతాను.

మొదటిది ఆర్థికశాస్త్ర పాఠ్యపుస్తకాల దారి. ఉన్నవన్నీ చూసి, బేరీజు వేసి, ఎక్కువ ప్రయోజనం ఉన్నది తీసుకోవాలి. నేనూ అలాగే మొదలుపెట్టాను. 11 మోడళ్లు, ఒక్కోదానికి 9 గడులతో పట్టిక వేశాను. నీళ్లు తక్కువ వాడేదానికి చప్పుడెక్కువ. చప్పుడు లేనిది మా బాత్రూమ్‌లో పట్టదు. రెండు వారాలైనా ఏదీ తేలలేదు, బట్టలు చేత్తోనే ఉతుక్కున్నాం.

వెతకడానికీ ఖర్చవుతుందని ఆర్థికవేత్తలకు తెలియక కాదు. ఇంకొంచెం వెతికితే వచ్చే లాభం ఆ వెతుకులాట ఖర్చుకు మించనప్పుడు ఆగాలని 1961లోనే జార్జ్ స్టిగ్లర్ లెక్క చెప్పారు. కానీ ఇంకా చూడనివి ఎలా ఉంటాయో కొంతైనా తెలియకుండా ఆ లాభాన్ని లెక్కగట్టేదెలా? నా దృష్టిలో అసలు చిక్కు ఇదే.

1955లో ఇంకో ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ చూపిన దారిలో ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ఇంత ఉంటే చాలని ముందే గీత గీసుకుని, దాన్ని అందుకున్న మొదటిదాన్ని తీసుకోవడమే. ఇది బద్ధకం కాదు. సులువుగా దొరుకుతుంటే గీత పైకి జరుగుతుంది, ఎంతకీ దొరక్కపోతే కిందికి దిగుతుంది. పట్టిక పక్కన పడేసి మూడు షరతులు రాసుకున్నాను: 60 సెంటీమీటర్ల ఖాళీలో పట్టాలి, రాత్రి వేసినా నిద్ర చెడకూడదు, రిపేరుకు మనిషి దొరకాలి. జాబితాలో నాలుగోది మూడింటికీ సరిపోయింది. ఐదోదాన్ని చూడలేదు.

అలాగని మొదటి దారిని తీసిపారేయలేం. ఉద్యోగాలు వెతుక్కునే విద్యార్థులపై 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో, అన్నిటికన్నా మంచిదే కావాలని పట్టుబట్టినవాళ్లకు జీతం 20 శాతం ఎక్కువ వచ్చింది. తృప్తి మాత్రం తక్కువ, టెన్షన్ ఎక్కువ. ఇల్లు, ఉద్యోగం లాంటివి తేలిగ్గా మార్చుకోలేం కాబట్టి గీత ఎత్తుగా గీసుకుంటాను. అప్పుడు కూడా పట్టిక జోలికి మాత్రం పోను.

ఎక్కువమంది కొన్నదే కొనడం ఇంకో దారి. పెన్నుకో సబ్బుకో అది చాలు.

షరతులు మాత్రం ప్రకటనలు చూడకముందే రాసుకోండి. షాపుకెళ్లి వచ్చాక నా కాగితంలో నాలుగోది చేరింది, ఫోన్‌తో ఆన్ చేసే సౌకర్యం ఉండాలని. అంతకుముందు రోజు వరకూ అలాంటిదొకటి ఉందనే నాకు తెలియదు. కొట్టేశాను.