పదేళ్ల పాపకు ఏ ఓపెనింగ్ మేలు: లండనా, ఇటాలియనా?

మా పాపను ఆదివారాలు కావలి నుంచి నెల్లూరుకు చెస్ టోర్నమెంట్లకు తీసుకెళ్తుంటాను. తెల్లపావులు వచ్చినప్పుడు ఏ ఓపెనింగ్ (ఆట మొదలుపెట్టే ఎత్తుల వరస) ఆడించాలన్నది ఈ ఏడాదంతా నన్ను తొలిచేసింది.

మొదట లండన్ నేర్పించాను. డీ4లో బంటు (అక్షరం బోర్డు మీది నిలువు వరసకు, అంకె అడ్డ వరసకు గుర్తు), ఎఫ్4లో బిషప్, సీ3, ఈ3 బంట్లతో త్రికోణం, బిషప్ వెనక్కి దాక్కోవడానికి హెచ్3. అవతలివాళ్లు ఏం ఆడినా దాదాపు ఇదే వరస, వారంలో వచ్చేస్తుంది. దీన్ని తక్కువగా చూడటానికీ లేదు. 2023 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆరో గేములో డింగ్ లిరెన్ లండన్‌తోనే ప్రత్యర్థి నెపోమ్నియాషిని ఓడించాడు.

తేలిగ్గా రావడమే మా పాపకు చేటైంది. ఒక టోర్నమెంటు మూడో రౌండులో అవతలి అబ్బాయి మంత్రిని బీ6కి తెచ్చాడు. బిషప్ సీ1 వదిలి వెళ్లిపోయింది కాబట్టి బీ2 బంటుకు కాపలా లేదు. పాప బోర్డు వంక చూడనే లేదు. అలవాటుగా గుర్రాన్ని డీ2లో పెట్టి, గడియారం నొక్కి, ఎత్తు రాసుకుంది. బీ2 పోయింది, ఆ వెంటనే సీ3 కూడా. అప్పుడు తలెత్తి తలుపు దగ్గర నిలబడ్డ నా వైపు చూసింది. ఆ చూపు ఇంకా నా కళ్లలోనే ఉంది.

ఇటాలియన్‌లో అలా కళ్లు మూసుకుని ఆడటం కుదరదు. మన బంటు ఈ4కి, వాళ్లది ఈ5కి, మన గుర్రం ఎఫ్3కి, వాళ్లది సీ6కి, ఆపైన మన బిషప్ సీ4కి. అది సూటిగా ఎఫ్7 వైపు చూస్తుంటుంది. ఆ గడికి రాజు తప్ప వేరే కాపలా లేదు. నల్ల గుర్రం ఎఫ్6కి వస్తే మన గుర్రం జీ5కి దూకుతుంది. వాళ్లు డీ5 ఆడతారు, మనం బంటుతో కొడతాం. పిల్లలు చాలామంది ఆ బంటును గుర్రంతో తిరిగి కొట్టేస్తారు. అప్పుడు మన గుర్రం ఎఫ్7లో పడి రాజును బయటికి లాగుతుంది, మంత్రి ఎఫ్3కి వచ్చి చెక్ చెబుతూనే డీ5లోని గుర్రాన్నీ పట్టుకుంటుంది. వాళ్లు ఆ బంటును కొట్టకుండా సీ6 గుర్రాన్ని ఏ5కి జరిపితే మాత్రం ఇదేదీ పారదు. ఆ తేడా కనిపెట్టాలంటే పాప ఆలోచించి తీరాలి.

ఇబ్బంది లేకపోలేదు. ఈ4కు నల్లపావుల జవాబుగా సిసీలియన్ రావచ్చు, ఫ్రెంచ్ రావచ్చు, కారో-కాన్ రావచ్చు. కొన్నాళ్లు ఓటములు తప్పవు. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి ఒక గేము ఆడుకునే నాలాంటి వాళ్లకు లండనే హాయి. నేర్చుకునే పిల్లలకు మాత్రం ఇటాలియనే మేలని నా నమ్మకం.

వచ్చే ఆదివారం తెల్లపావులు వస్తే ఈ4 ఆడమన్నాను. "సిసీలియన్ వస్తే ఎట్లా నాన్నా?" అంది. గుర్రాలు, బిషప్‌లు బయటికి తీసి, క్యాస్లింగ్ చేసి (రాజును ఏనుగు చాటుకు చేర్చి), ఆ తర్వాత ఎంతసేపైనా ఆలోచించుకోమన్నాను.