గాలి లేని వేళకు పతంగుల ప్యాకేజీ

మొయినాబాద్ వైపు ఒక రిసార్టు వాళ్లు సంక్రాంతికి పతంగుల ప్యాకేజీ పెట్టారు. పెద్దలకు 950, పిల్లలకు 600. నలుగురికి 3,100 కట్టాం. వేళ ఉదయం 8 నుంచి 11. మోసమంతా ఆ వేళలోనే ఉంది.

జనవరి రాత్రుల్లో హైదరాబాద్ చుట్టుపక్కల నేల బాగా చల్లబడుతుంది. దాన్ని అంటుకున్న చల్లగాలి పొర కదలదు, పైగాలిని కిందికి రానివ్వదు. ఎండెక్కి, పదీ పదకొండు మధ్య ఆ పొర చెదిరితే గానీ కింద ఆకు కదలదు. మళ్లీ పొద్దుగూకేసరికి గాలి పడిపోతుంది. పతంగులు ఎగరేసే ఏ బస్తీ పిల్లాడికైనా తెలిసిన సంగతే. గాలి లేని మూడు గంటలూ మాకు అమ్మి, గాలి మొదలయ్యే సమయానికి "తర్వాతి బ్యాచ్ వస్తోంది సార్" అని పంపేశారు. డబ్బులు వెనక్కి అడిగితే మర్నాటికి కూపన్ ఇస్తామన్నారు, అదీ పొద్దున 8 గంటలకే!

స్థలమూ పనికిరానిదే. పల్లంలో పచ్చిక, మూడు వైపులా యూకలిప్టస్ చెట్లు. చెట్టు ఎత్తుకు దాదాపు పదింతల దూరం దాకా దాని వెనక గాలి తెగి, సుడులు తిరుగుతుంది. అంటే 60 అడుగుల చెట్టుకు 600 అడుగులు వదలాలి. అక్కడ అందులో సగం జాగా కూడా లేదు.

పతంగులేమో ప్లాస్టిక్‌వి, బారెడు తోకలతో. గాలి తక్కువున్నప్పుడు తోక ఉత్త బరువు, తీసేయాలి. పల్చటి కాగితం పతంగి, సన్నటి నూలు దారం ఉండాలి. ఒకరు పతంగి పట్టుకుని, గాలి పోయే వైపు 80, 100 అడుగులు వెళ్లి నిలబడాలి. వాళ్లు వదలగానే దారం పట్టినవాళ్లు చెయ్యి మార్చి చెయ్యి గబగబా గుంజాలి. పరుగెత్తి లాభం లేదు, ఆగగానే కూలుతుంది. కింద గాలి లేకపోయినా మేడల ఎత్తు దాటితే తరచు కాస్త దొరుకుతుంది. అక్కడ కొద్దికొద్దిగా ఢీల్ ఇస్తూ, అంటే దారం వదులుతూ, వాలబోతే మళ్లీ గుంజుతూ పైకెక్కించాలి. చెట్ల మధ్య అంత దారం సాగే చోటేదీ? పిల్లలు గంటలోపే మూతులు ముడుచుకుని కూర్చున్నారు.

టిఫిన్‌కు మాత్రం వంక పెట్టలేను. సర్వపిండి పెనం మీంచి వేడిగా వచ్చింది, అడిగినన్నిసార్లు వడ్డించారు.

మధ్యాహ్నం సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌కు వెళ్తే పిల్లల మొహాలు విప్పారాయి. పర్యాటక శాఖ అంతర్జాతీయ పతంగుల పండుగ జరిపే మైదానం ఇదే. లోపలికి టికెట్ లేదు, చుట్టూ గాలికి అడ్డం లేదు. బండి తీసుకెళ్లకండి, మెట్రో స్టేషన్ పక్కనే ఉంది. పెద్ద పెద్ద గుడ్డ పతంగులు చూడాలంటే 2 నుంచి 5 మధ్య వెళ్లండి. వాటికి నిలకడైన గాలి కావాలి, లేకపోతే నేల మీదే చాపల్లా పడి ఉంటాయి.

ఎక్కడైనా ప్యాకేజీ కొనేముందు వేళ అడగండి. 12 నుంచి 5 మధ్య కాకపోతే వద్దనండి. బయల్దేరేటప్పుడు వేపచెట్టు చూడండి: ఆకులూ సన్న రెమ్మలూ ఆగకుండా ఊగుతుంటే గంటకు 12 కిలోమీటర్ల పైన గాలి ఉన్నట్టే. పొగ నిట్టనిలువుగా లేస్తుంటే ఇంకో గంట ఆగండి.

పతంగులు చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్ దగ్గర కొనుక్కోండి. కాగితంవి ఒక్కోటి 12 రూపాయలకు ఇచ్చారు. కొనేముందు ఎండకు ఎత్తి చిరుగులు చూసుకోండి, అడ్డపుల్ల రెండు పక్కలా సమంగా వంగుతోందో లేదో చూడండి. నైలాన్ మాంజా 2017 నుంచి దేశమంతటా నిషేధం. నూలుదే అడిగి తీసుకోండి.