బోర్డోలో స్ప్రింటు చూడాలంటే ఎక్కడ నిలబడాలి

ఫ్రాన్స్‌లో మూడు వారాలు సాగే సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్ చూడ్డానికి పోతున్నానంటే తెలిసినవాళ్లంతా ఆల్ప్స్‌కో పిరనీస్‌కో పొమ్మన్నారు. కొండ మీదైతే రైడర్లు మెల్లగా వస్తారు, ఒక్కొక్కరినీ తీరిగ్గా చూడొచ్చు. నిజమే. కానీ నాకు సైకిల్ రేసుల పిచ్చి పట్టించింది స్ప్రింటు. దాదాపు నాలుగు గంటలు గుంపులో ఒదిగి తొక్కి, దాచుకున్న బలమంతా ఆఖరి రెండొందల మీటర్లలో ఊడ్చిపెట్టే ఆ పద్ధతి. అందుకే 2023 జులై 7న, ఏడో స్టేజీకి, అంటే ఏడో రోజు రేసుకి, నైరుతి ఫ్రాన్స్‌లోని బోర్డో వెళ్లాను. 2026 టూర్ మార్గంలో కూడా ఏడో స్టేజీ బోర్డోకే వస్తోంది, జులై 10 శుక్రవారం. పోదామనుకునేవాళ్లకు పనికొస్తుందని మేం ఎక్కడ దిగామో, ఎక్కడ నిలబడ్డామో, ఏది బాగుందో ఏది బాలేదో రాస్తున్నాను.

అక్కా బావా తులూజ్‌లో ఉంటారు. హైదరాబాద్ నుంచి ముందు వాళ్లింటికి చేరి, గురువారం పొద్దున బావా నేనూ బోర్డో రైలెక్కాం. రెండు గంటల పైచిలుకు ప్రయాణం. పారిస్‌లో విమానం దిగేవాళ్లకు ఇంకా సులువు, మోంపర్నాస్ స్టేషన్ నుంచి టీజీవీ అనే హైస్పీడ్ రైలు రెండు గంటల్లో బోర్డోలో దించుతుంది. బావకు సైకిల్ రేసుల గురించి ఏమీ తెలియదు. నా సరదా కోసం సెలవు పెట్టాడు.

"ఏరా, మొత్తం మీద వాళ్లు మనకు ఎంతసేపు కనబడతారు?"

"మూడు నాలుగు సెకన్లు బావా."

బావ కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత, "పులిహోర డబ్బా ఏ బ్యాగులో పెట్టింది మీ అక్క?" అన్నాడు.

బస సంగతి. మేం సాన్ జాన్ స్టేషన్ పక్కనే గది తీసుకున్నాం. రైలు దిగి సామాను పడేయడానికి బాగుంటుందని నా లెక్క. అది తప్పైంది. ఏసీ ఉందని రాసిన గదిలో ఏసీ లేదు, అడిగితే ఒక టేబుల్ ఫ్యాను ఇచ్చారు. ఆ వారం బోర్డోలో ఎండ మన మే నెల ఎండలాగే మండుతోంది. కిటికీ తీస్తే రాత్రంతా ట్రాలీ బ్యాగుల చక్రాల చప్పుడు, మూస్తే ఉక్కపోత. పైగా రేసు రోజని మామూలు ధరకు దాదాపు రెట్టింపు తీసుకున్నారు. పాత ఊళ్లో, సాన్ పియర్ సందుల్లో ఉంటే అన్నిటికీ నడిచి వెళ్లొచ్చు గానీ ధర ఇంకా ఎక్కువ, రాత్రి పొద్దుపోయేదాకా సందడి. మళ్లీ వెళ్తే పెసాక్ లాంటి శివారులో, ట్రామ్ దారి పక్కన ఉంటాను. లేదా లిబూర్న్‌లో. ఆ ఊరి సంగతి తర్వాత చెబుతాను.

ట్రామ్‌కు మాత్రం నూటికి నూరు మార్కులు. ఊరి నడిబొడ్డున పైన కరెంటు తీగలే ఉండవు, నేలలో ఉన్న మూడో పట్టా నుంచి కరెంటు అందుతుంది. రాతి భవనాల మధ్య అంత శుభ్రంగా ఆకాశం కనబడటానికి అదే కారణం. స్టేషన్ నుంచి కాన్‌కోన్స్ మైదానం దాకా సి లైను నేరుగా పోతుంది. రేసు రోజు మాత్రం నది ఒడ్డు రోడ్డు మూసేస్తారు, ట్రాములు దారి మధ్యలోనే ఆగిపోతాయి. ఆ సంగతి స్టాపుల దగ్గర రెండు రోజుల ముందే అంటించారు, ఫ్రెంచిలో. మధ్యాహ్నం తర్వాత ఎక్కడికైనా నడకే అనుకుని చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి.

స్ప్రింటు స్టేజీ చూడాలంటే ముందు రోజే వెళ్లి దారి చూసుకోవాలి. నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. గురువారం సాయంత్రం బావా నేనూ గరోన్ నది ఒడ్డునే నడిచాం. ఆఖరి కిలోమీటరు దగ్గర ఎర్ర జెండా కట్టే చోటు నుంచి ముగింపు గీత దాకా దారి ఎలా పోతుందో, ఎక్కడ వెడల్పు తగ్గుతుందో, ఎక్కడ చెట్ల నీడ ఉందో చూసుకున్నాం. టీవీలో బల్లపరుపుగా, సూటిగా కనిపించే రోడ్డు కాళ్ల కింద వేరుగా ఉంటుంది. నది ఎటు ఒంపు తిరిగితే రోడ్డూ అటే మెల్లగా ఒంపు తిరుగుతుంది. గంటకు డెబ్భై కిలోమీటర్ల వేగంలో ఆ చిన్న ఒంపు చాలు, లోపలి వైపున్న రైడర్‌ను బారికేడ్‌కేసి నొక్కేయడానికి.

నడుస్తూ నడుస్తూ బావకు లీడౌట్ అంటే ఏమిటో చెప్పాను. మన హైదరాబాద్‌లో ఓఆర్ఆర్ పక్కన సోలార్ పైకప్పు ట్రాక్ మీద ఎదురుగాలిలో నలుగురు వరసగా తొక్కితే వెనకవాడికి ఎంత తేలికో తొక్కినవాళ్లకు తెలుసు. స్ప్రింటులో జరిగేదీ అదే. జట్టువాళ్లు ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చి గాలిని చీలుస్తారు, అలిసి పక్కకు తప్పుకుంటారు, ఆఖరివాడు తప్పుకోగానే స్ప్రింటర్ లేస్తాడు. ఆ ఏడాది స్ప్రింటర్ యాస్పర్ ఫిలిప్సెన్‌కు అలా దారి తీసింది అతని జట్టువాడే, మాథ్యూ వాన్ డర్ పోల్. బయోన్‌లో, నొగారోలో ఫిలిప్సెన్ అప్పటికే రెండు స్టేజీలు గెలిచి ఉన్నాడు.

నేను మాత్రం వెళ్లింది బ్రిటిష్ స్ప్రింటర్ మార్క్ కావెండిష్ కోసం. 38 ఏళ్లు. టూర్‌లో 34 స్టేజీలు గెలిచి, పాతకాలపు మేటి ఎడ్డీ మెర్క్స్ రికార్డుతో సమానంగా నిలిచాడు. ఆ ఏడాదితో రేసులు ఆపేస్తానని ప్రకటించాడు. బోర్డోకు అంతకు ముందు టూర్ వచ్చింది 2010లో, అప్పుడు గెలిచింది కూడా ఆయనే. మొదటి టూర్, 1903 నాటి నుంచీ బోర్డో స్టేజీ ఊరే. పారిస్ తర్వాత టూర్ ఎక్కువసార్లు వచ్చిన ఊరు ఇదే. స్ప్రింటర్లకు ఇక్కడ గెలవడమంటే ఎంత గొప్పో ఊహించుకోవచ్చు.

శుక్రవారం పదకొండుకల్లా ముగింపు గీతకు నూటయాభై మీటర్ల ముందు బారికేడ్ పట్టుకున్నాం. గీత దగ్గర కోరి నిలబడలేదు. అక్కడ అతిథుల స్టాండ్లు, టీవీ కెమెరాలు, ఫొటోగ్రాఫర్లు. మామూలు మనిషికి వీపులు తప్ప ఏమీ కనబడవు. నూటయాభై దగ్గరైతే సూటిగా ఎదురు చూపు దొరుకుతుంది, ఎదుట పెద్ద స్క్రీన్ కూడా కనిపిస్తుంది. ఆ స్క్రీన్ లేకుండా స్ప్రింటు స్టేజీ చూడొద్దు. మోన్ దె మర్సాన్ నుంచి 169.9 కి.మీ. దారి, దారిలో బెగే దగ్గర ఒక చిన్న మిట్ట, మిగతాదంతా చదును. ముందు గుగ్లియెల్మి అనే రైడర్ ఒక్కడే విడిపోయి తొక్కడం, తర్వాత పీటర్స్, లాతూర్ వచ్చి కలవడం, గుంపు వాళ్లను తాడు కట్టినట్టు కావాల్సినంత దూరంలో ఉంచడం, అంతా స్క్రీన్ మీద చూస్తూ బావకు చెబుతుంటే మధ్యాహ్నం తెలియకుండా గడిచింది.

సదుపాయాల్లో టాయిలెట్లే కష్టం. ఉన్నవి కొన్ని, వరస చాంతాడంత. ఒకరు చోటు కాస్తూ ఇంకొకరు వెళ్లాలి కాబట్టి ఒంటరిగా వెళ్లేవాళ్లు పక్కవాళ్లతో ముందే స్నేహం చేసుకోవాలి. మా పక్కన ఒక ముసలాయన, ఆయన మనవరాలు. మాటలు రాకపోయినా వాళ్ల చోటు మేమూ మా చోటు వాళ్లూ కాచాం. తాగునీటి కుళాయిలు ఊళ్లో అక్కడక్కడా ఉన్నాయి గానీ బారికేడ్ దగ్గర లేవు, మనిషికి రెండు లీటర్లు పట్టుకెళ్లండి. శాకాహారులు తిండి కూడా వెంట తెచ్చుకోవడమే మంచిది. అక్క కట్టిచ్చిన పులిహోర ఆ ఎండలో అమృతంలా అనిపించింది. కనలే అనే బోర్డో తీపి వంటకం ఒకటుంది, పైన నల్లగా మాడినట్టు, లోపల జున్నులా మెత్తగా ఉంటుంది. దాంట్లో గుడ్డూ రమ్మూ పడతాయని తెలుసుకుని తినండి.

రైడర్ల కన్నా దాదాపు రెండు గంటల ముందు ప్రచార బళ్ల ఊరేగింపు వస్తుంది. టోపీలు, కీ చైన్లు, మిఠాయిలు జనం మీదికి విసురుతారు. పిల్లలతో వెళ్లేవాళ్లకు రోజంతటికీ ఇదే పండగ. బావ చేతిలో ఒక సాసేజ్ పొట్లం పడితే ముసలాయన మనవరాలికిచ్చాడు. ఆ పిల్ల తనకు దొరికిన ఎర్రచుక్కల టీషర్టు తెచ్చి బావకిచ్చింది. అది ఇప్పటికీ బావ దగ్గరుంది.

సాయంత్రం ఐదు దాటింది. ముందుగా వచ్చింది చప్పుడు. బారికేడ్ల కింద ప్రకటనల అట్టలుంటాయి, జనం వాటిని అరచేతులతో బాదుతారు. ఆ దడదడ దూరాన ఎక్కడో మొదలై రోడ్డు వెంబడి మా వైపు పరుగెత్తుకుంటూ వచ్చింది. మా చేతుల కింది అట్ట కూడా అదిరింది. నా ముందునుంచి దాటుతున్నప్పుడు అందరికన్నా ముందున్నది కావెండిష్. తల దించి, నీలం జెర్సీలో, హ్యాండిల్ మీదికి పూర్తిగా ఒంగి. "గెలిచేశాడు బావా!" అని అరిచాను. వెనకే కార్బన్ చక్రాల హోరు, వేడి గాలి ముఖానికి కొట్టింది. అంతా వెళ్లిపోయాక స్క్రీన్ కేసి చూస్తే చేతులెత్తింది ఫిలిప్సెన్. కావెండిష్ రెండు, ఎరిత్రియా కుర్రాడు బినియామ్ గిర్మే మూడు. మళ్లీ వేసి చూపించినప్పుడు అర్థమైంది. గీత చేరకముందే కావెండిష్ గేరు జారింది. లేచి తొక్కుతున్నవాడు ఒక్క క్షణం సీటు మీదికి కూర్చున్నాడు. ఆ ఒక్క క్షణమే.

నేను మాట్లాడలేకపోయాను. బావ నా భుజం మీద చెయ్యేసి, "రేపు పొద్దున్న బయల్దేరే చోటికి పోదాం పద. నాకు ఆయన్ని దగ్గరగా చూడాలనుంది" అన్నాడు.

అలా లిబూర్న్ వెళ్లాం. బోర్డో నుంచి లోకల్ రైల్లో అరగంట లోపే. ఇల్, దోర్దోన్య్ నదులు కలిసే చోట చిన్న ఊరు, క్రిస్మస్ తాతకు ఫ్రాన్స్ పిల్లలు రాసే ఉత్తరాలకు జవాబులు వెళ్లేది ఇక్కడి పోస్టాఫీసు నుంచే. నన్నడిగితే స్ప్రింటర్లను చూడాల్సింది బయల్దేరే ఊళ్లోనే. జట్ల బస్సులు వరసగా ఆగుతాయి, టిక్కెట్టు లేదు, బారికేడ్‌కు అవతల రెండు గజాల దూరంలో ప్రపంచంలోకెల్లా వేగమైన కాళ్లు. ఒక మెకానిక్ బకెట్టు పక్కన మోకాళ్ల మీద కూర్చుని గొలుసును గుడ్డతో లింకు లింకుగా తుడుస్తున్నాడు. హ్యాండిల్ మధ్యన తెల్లటి కాగితం పట్టీ అంటించి ఉంది, ఎన్నో కిలోమీటరులో మిట్ట ఎక్కాలి, ఎక్కడ తిండి సంచి అందుతుంది, అన్నీ చిన్న అక్షరాల్లో. బావ ఆ పట్టీని తదేకంగా చదివాడు. "మా ఆఫీసులో విమానాల చెక్‌లిస్టు లాగే ఉందిరా" అన్నాడు.

కావెండిష్ సంతకాల వేదిక వైపు మెల్లగా తొక్కుకుంటూ పోయాడు. జనం ఆయన పేరు పిలుస్తూనే ఉన్నారు. ఆ మధ్యాహ్నం తులూజ్ రైల్లో ఉండగా ఫోన్లో వార్త చూశాం, లిమోజ్ దారిలో పడ్డాడు, కాలర్ బోన్ విరిగింది, టూర్ అయిపోయింది. ఆపేస్తానన్న మాట వెనక్కి తీసుకుని మరుసటేడు మళ్లీ వచ్చాడు. 2024 జులై 3న సాన్ వుల్బాలో 35వ స్టేజీ గెలిచాడు. మనకప్పుడు రాత్రి. నేను హైదరాబాద్‌లో, బావ తులూజ్‌లో, ఫోన్ పెట్టకుండా చూశాం.

ఇక 2026 లెక్క. ఈసారి బయల్దేరేది ఆజెట్మో నుంచి, 175 కి.మీ. ఆజెట్మోకి రైలు లేదు, కారు లేనివాళ్లు ఆ ఊరు మరిచిపోయి నేరుగా బోర్డోలో ముగింపు చూసుకోండి. మరుసటి రోజు శనివారం పెరిగ్యో నుంచి బెర్జరాక్‌కు స్టేజీ. బోర్డో నుంచి ఆ రెండు ఊళ్లకూ పోయే రైలు దారులు లిబూర్న్ మీదుగానే పోతాయి. అందుకే గది బోర్డోలో కాకుండా లిబూర్న్‌లో తీసుకుంటే శుక్రవారం స్ప్రింటు, శనివారం పొద్దున పెరిగ్యోలో జట్ల బస్సులు, రెండూ సామాను మోయకుండా చూడొచ్చు. ఏసీ ఉందో లేదో ఫోన్ చేసి అడగండి, రాసిందాన్ని నమ్మకండి.

మార్గం ప్రకటించిన రోజే బావ నాకు ఆ మ్యాపు పంపాడు. కింద ఒకే మాట రాశాడు: "లిబూర్న్‌లో మూడు మంచాల గది పట్టేశా, ఈసారి అక్క కూడా వస్తోంది."