వేసవి చదువుకి స్టోరీవీవర్: ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు ఎంతవరకు పనికొస్తుంది?

వేసవి సెలవులకు తెలుగు టీచర్లు ఇచ్చే పని చాలా బళ్లలో ఒక్క వాక్యమే: "పది కథల పుస్తకాలు చదివి సమీక్షలు రాసుకురండి." ఆ పది పుస్తకాలు ఎక్కణ్ణుంచి తేవాలో మాత్రం చెప్పరు. బడికి తాళం పడితే లైబ్రరీ బీరువాకూ పడ్డట్టే. శాఖా గ్రంథాలయం మండల కేంద్రంలో ఉంటే పిల్లవాడు ఊళ్లో ఉంటాడు. ఇంట్లో ఉన్నదల్లా ఒక ఫోను. పైసా ఖర్చు లేకుండా ఆ ఫోనులోనే తెలుగు కథలు అందించే వెబ్‌సైటు స్టోరీవీవర్. వేసవి చదువు అనే ఒక్క అవసరానికి అది ఎలా పనిచేస్తుందన్నదే ఈ సమీక్ష.

తీర్పు ముందే చెప్పేస్తే, ఆరో తరగతికి ఐదుకి నాలుగున్నర, ఏడుకి నాలుగు, ఎనిమిదికి మూడు. ఈ మార్కులకు ఒక షరతు ఉంది. కథలు టీచరే ముందుగా చదివి, ఏరి, లింకులు ఇవ్వాలి. "సైటులోకి వెళ్లి మీకు నచ్చినవి చదవండి" అని వదిలేస్తే మూడు తరగతులకూ రెండు మార్కులకు మించి ఇవ్వలేం. పిల్లలు ఆరుబయట బొమ్మల సంతలో వదిలినట్టు తిరుగుతారు, అతి చిన్న కథలు పది ఏరుకుని ఒక్క పూటలో ముగిస్తారు.

బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ 2004లో మొదలైన లాభాపేక్ష లేని ప్రచురణ సంస్థ. 2015 సెప్టెంబర్ 8న, అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం నాడు స్టోరీవీవర్‌ని తెరిచింది. సొంత పుస్తకాలతో పాటు రూమ్ టు రీడ్, ఆఫ్రికన్ స్టోరీబుక్, బుక్ డాష్ లాంటి సంస్థల కథలూ ఇందులో ఉన్నాయి. అన్నిటికంటే విలువైన సంగతి లైసెన్సు. క్రియేటివ్ కామన్స్ కింద ఉన్న ఈ కథల్ని ఎవరైనా చదవొచ్చు, దించుకోవచ్చు, ప్రింటు తీసి పంచొచ్చు, మార్చి రాసుకోవచ్చు. రచయిత, బొమ్మలు వేసినవారు, అనువాదకులు, ప్రచురణకర్తల పేర్లూ లైసెన్సు వివరమూ ఉంచి, మార్పులు చేస్తే ఆ సంగతి చెబితే చాలు. కాబట్టి టీచరు ఒక కథని నలభై మందికి జిరాక్స్ తీయించి పంచినా ఎవరి హక్కునూ కాజేసినట్టు కాదు. మార్కెట్లో దొరికే పిల్లల పుస్తకాల్లో చాలావాటితో ఈ పని చేయకూడదు.

కథలకు నాలుగు లెవెళ్లు పెట్టారు. మొదటిది 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా, నాలుగోది 1500 దాటినవి. ఆరు నుంచి ఎనిమిది వరకు మనకు కావలసినవి మూడు, నాలుగు లెవెళ్లే. అయితే తెలుగు విషయంలో ఈ మాటల లెక్కని ఉన్నదున్నట్టు నమ్మకూడదు. "ఐ కెన్నాట్ గో" అంటే ఇంగ్లీషులో మూడు మాటలు, "వెళ్లలేను" అంటే మనకు ఒకటే. విభక్తి, కాలం, వ్యతిరేకం అన్నీ మాటకే అతుక్కుంటాయి. అందుకే అదే కథ తెలుగులోకి వస్తే మాటలు తగ్గుతాయి, ఒక్కో మాట బరువు పెరుగుతుంది. లెవెల్ ఎంతన్నది చూసి ఊరుకోకుండా పేజీకి ఎన్ని వరుసలున్నాయో, మూడు అక్షరాలు దాటి, ఒత్తులున్న మాటలు ఎన్నున్నాయో చూడాలి. మూడో లెవెల్ అని ఉండి పేజీకి రెండే వరుసలుంటే అది ఏడో తరగతికి చాలదు.

ఆరో తరగతిలో కూడబలుక్కుని చదివే పిల్లలు ప్రతి సెక్షన్‌లోనూ ఉంటారు. వాళ్లకు రెండో లెవెల్ ఇవ్వడమే సరైనది. కాకపోతే వెనక అట్ట మీద లెవెల్ రాసి ఉంటుంది. పక్కవాడిది మూడు, తనది రెండు అని తెలిసిన పిల్ల పుస్తకం దాచేస్తుంది. ప్రింటు ఇచ్చేటప్పుడు ఆ వెనక అట్ట వదిలేయండి. పేర్లున్న పేజీని మాత్రం తీయకండి, లైసెన్సు నిలబడేది దాని మీదే.

ఎన్ని కథలు ఇవ్వాలి? 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులిచ్చారు. అంటే 49 రోజులు, సరిగ్గా ఏడు వారాలు. మొదటి వారం పెళ్లిళ్లకీ అమ్మమ్మగారి ఊరికీ పోతుంది. చివరి వారం మిగిలిపోయిన పనికి ఉంచాలి. నడుమ ఐదు వారాలు, వారానికి రెండు చొప్పున పది కథలు. ఆరో తరగతికి పదీ మూడో లెవెల్. ఏడుకి వారానికి మూడో లెవెల్ ఒకటి, నాలుగో లెవెల్ ఒకటి. నిమిషానికి 60 మాటలు చదివే పిల్లకి 1500 మాటల కథ 25 నిమిషాలు పడుతుంది, రెండుసార్లు చదివితే 50. రాత కలుపుకున్నా వారానికి మూడు గంటలు దాటదు. ఆటలకి అడ్డు రాదు కనుక ఇంట్లో పెద్దవాళ్లూ విసుక్కోరు.

ఇక అసలు కష్టం కథలు ఏరడంలో ఉంది, టీచరు తన సమయం ఎక్కువ పెట్టాల్సిందీ అక్కడే. సైటులో ఉన్న తెలుగు కథల్లో ఎక్కువ భాగం అనువాదాలు. ఖాతా తెరిచిన ఎవరైనా అనువదించొచ్చు. దీనివల్లే అన్ని భాషల్లో అన్ని కథలు వచ్చాయి, దీనివల్లే తెలుగు ఒక కథలో ఉన్నట్టు ఇంకో కథలో ఉండదు. ప్రచురణ సంస్థ పేరుతో ఉన్నవాటిని ముందుగా చూడండి. వ్యక్తులు చేసినవాటిలోనూ చక్కనివి ఉన్నాయి కానీ చదవకుండా ఇవ్వకూడదు.

పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. మొదటి మూడు పేజీలు పైకి చదవండి. "ఒక రోజు ఒక అమ్మాయి ఒక చెట్టు కింద కూర్చుంది" అని "ఒక"లు వరసపెట్టి వస్తే కథ ఇంకా ఇంగ్లీషులోనే ఉన్నట్టు. "రాము తన తలను తన చేతులతో పట్టుకున్నాడు" అని ఉందా, "రాము తల పట్టుకున్నాడు" అని ఉందా చూడండి. "కిటికీ తెరవబడింది" అని కనిపిస్తే జాగ్రత్తపడాలి, తెలుగులో కిటికీ తెరుచుకుంటుంది. "వెళ్లెను", "వెళ్లాడు" ఒకే పేజీలో కలిసిపోయాయా? తాతతో మాట్లాడే మనవడు ఒక్కసారైనా "తాతా" అని పిలవకుండా పేరాలు పేరాలు మాట్లాడుతున్నాడా? చివరిగా అక్షరదోషాలు: "బాధ"ని "భాధ" అని రాస్తే, శ, ష, స తారుమారైతే ఆ కథ పక్కన పెట్టేయండి. ఈ వయసులో పిల్లలు స్పెల్లింగు నేర్చుకునేది నియమాల నుంచి కాదు, కళ్ల ముందు పదే పదే కనబడే రూపం నుంచి. తప్పు రూపం ఐదు వారాలు చూస్తే అదే నిలిచిపోతుంది.

నాలుగో లెవెల్‌లో సైన్సు, ప్రకృతి, జీవిత చరిత్రల పుస్తకాలు చాలా బాగుంటాయి. బొమ్మలు చక్కగా ఉంటాయి, సమాచారం ఓపిగ్గా విడమరిచి ఉంటుంది. చిక్కల్లా పారిభాషిక పదాలది. తెలుగు మీడియం పిల్లలకు "కిరణజన్య సంయోగక్రియ" పాఠంలో తగిలే మాటే, ఇంగ్లీషు మీడియం పిల్లలు అక్కడే ఆగి పుస్తకం మూసేస్తారు. అలాంటి కథ ఇచ్చేటప్పుడు ఐదారు మాటలకు అర్థాలు లింకు కిందనే రాసి పంపితే సరిపోతుంది. పది కథల్లో ఇలాంటివి మూడుకు మించకుండా చూసుకోవాలి, మిగతావి కథలే కావాలి.

కథ పేరు చెప్పి ఊరుకోవడం ఇంకో పొరపాటు. ఒకే కథకు రెండు మూడు తెలుగు అనువాదాలు, వేర్వేరు పేర్లతో ఉండొచ్చు. సగం తరగతి ఒకటి, సగం తరగతి ఇంకొకటి చదివి వస్తే పాత్రల పేర్లే కలవవు, చర్చ నడవదు. ప్రతి కథ లింకులోనూ పేరు ముందు ఒక అంకె ఉంటుంది. వాట్సాప్‌లో పూర్తి లింకు పంపండి, కాగితం మీద ఇచ్చేటట్టయితే ఆ అంకె కూడా రాయండి. టీచరు ఖాతాలో ఒక జాబితా చేసుకుంటే పదీ ఒకే చోట ఉంటాయి, వచ్చే ఏడాదికీ పనికొస్తాయి.

ఫోను సాయంత్రం నాన్న ఇంటికొచ్చాకే పిల్లల చేతికొస్తుంది. నెట్ ఒక్కోసారి ఉండదు. అందుకని కథలు ఆఫ్‌లైన్‌లో దాచుకునే ఏర్పాటునో, పీడీఎఫ్‌నో వాడుకోవడం మేలు. దించుకోవడానికి ఖాతా కావాలి, కాబట్టి టీచరే దించి గ్రూపులో పెట్టాలి. పీడీఎఫ్‌ల్లో తక్కువ సైజుదే ఎంచుకోండి, ఫోను తెర మీద తేడా తెలియదు. ఇంకో లాభం కూడా ఉంది. పీడీఎఫ్ అయితే పిల్లవాడు బ్రౌజరు తెరవక్కర్లేదు, అక్కణ్ణుంచి వీడియోల్లోకి జారిపోవడం తగ్గుతుంది.

ఫోనే లేని పిల్లలకు ప్రింటు తప్పదు. ఈ పుస్తకాలు అడ్డంగా, పేజీ నిండా రంగు బొమ్మలతో ఉంటాయి. ఎ4 కాగితానికి ఒక వైపు రెండు పేజీలు, రెండు వైపులా వేయిస్తే 24 పేజీల పుస్తకం 6 కాగితాల్లో వస్తుంది. ఒక వైపు నాలుగు పేజీలు వేస్తే కాగితం మిగులుతుంది కానీ ఒత్తులు కనబడవు. నలుపు తెలుపులో తీయించేటప్పుడు ముదురు రంగు బొమ్మ మీద అచ్చయిన పేజీలు మసిబారి, అక్షరాలు చదవరావు. జిరాక్స్ షాపులో ముందు అలాంటి పేజీ ఒక్కటి తీయించి చూసి, ఆ తర్వాతే మొత్తం చెప్పండి. రాత్రి దృశ్యాలెక్కువున్న కథల్ని ప్రింటు జాబితాలోంచి తీసేయడమే మంచిది.

చదివాక ఏం రాయించాలి? నిర్మాణాత్మక మూల్యాంకనంలో (ఏడాది నడుమ బడిలోనే వేసే ఎఫ్‌ఏ మార్కుల్లో) పుస్తక సమీక్షకు చోటుంది కాబట్టి అందరూ అదే రాయిస్తారు. పుస్తకం పేరు, రచయిత పేరు, పాత్రలు, కథ సారాంశం, నీతి. ఈ చట్రంలో తయారుగా రాసిపెట్టిన సమీక్షలు బజారులోనూ నెట్‌లోనూ బోలెడు దొరుకుతాయి. జూన్ 10 రాత్రి కూర్చుని పదీ ఎక్కించేయొచ్చు. తప్పు పిల్లలది కాదు, ప్రశ్నది. బొమ్మల కథలు ఇస్తున్నాం కాబట్టి బొమ్మల్ని వాడుకోవాలి. "ఫలానా పేజీ బొమ్మలో ఉండి, రాతలో లేని మూడు సంగతులు చెప్పు." దీనికి సారాంశం ఎక్కడా దొరకదు, పుస్తకం తెరవాల్సిందే. "ఈ కథ మీ వీధిలో జరిగితే ఏ పాత్ర ఎలా మాట్లాడుతుంది? ఐదు మాటలు మీ ఇంటి భాషలో రాయి" అంటే శ్రీకాకుళం పిల్ల ఒకలా, నిజామాబాద్ పిల్లవాడు ఒకలా రాస్తారు, నకలు అక్కడితో ఆగుతుంది. కొత్త మాటలు ఐదు, నచ్చిన వాక్యం ఒకటి, అది ఎందుకు నచ్చిందో రెండు వరుసలు. కథకు అర పేజీ చాలు. "నీతి" గడి తీసేయమని గట్టిగా చెప్తాం. అది ఉన్నంతకాలం ప్రతి కథా "మంచివారికి మంచే జరుగుతుంది" దగ్గరే ముగుస్తుంది, కథలో ఏం జరిగినా సరే.

ఎనిమిదో తరగతికి మూడు మార్కులే ఇవ్వడానికి కారణం పొడవు. నాలుగో లెవెల్ కథ ఎంత పెద్దదైనా ఒక కూర్చుడులో అయిపోతుంది. నిన్న చదివింది గుర్తుపెట్టుకుని ఇవాళ అందుకోవడం, ఒక పాత్ర నూరు పేజీల్లో మారడం గమనించడం, ఇవి ఈ వయసుకు రావాలి, అవి బొమ్మల పుస్తకంతో రావు. అందుకని ఎనిమిదికి ఇక్కణ్ణుంచి మూడు కథలు, దానికి తోడు ఒక అచ్చు పుస్తకం. జపాన్ బాలిక టోటోచాన్ జ్ఞాపకాల తెలుగు అనువాదం "రైలుబడి" ఈ పనికి బాగా సరిపోతుంది. అధ్యాయాలు చిన్నవి, రోజుకు రెండు మూడు చొప్పున సులువుగా సాగుతాయి. రైలు పెట్టెలే తరగతి గదులైన ఆ బడి యుద్ధంలో కాలిపోతుంది కనుక అడగడానికి గట్టి ప్రశ్నలూ ఉంటాయి. బడికి ఐదు ప్రతులుంటే ఒక్కో ప్రతి వారానికొకరి చొప్పున చేతులు మారుతుంది, ఐదు వారాల్లో పాతికమంది చదువుతారు.

ఎనిమిదికే పనికొచ్చే మంచి సదుపాయం ఒకటి స్టోరీవీవర్‌లో ఉంది. ఏ కథనైనా వేరే లెవెల్‌కి తిరగరాయొచ్చు, వేరే భాషలోకి మార్చొచ్చు. నాలుగో లెవెల్ కథ ఒకటిచ్చి, "రెండో తరగతి చెల్లి చదివేలా 300 మాటల్లో రాయి" అనండి. ఏది వదలాలి, ఏది ఉంచాలి అని తేల్చుకోవడంలో కథ నిర్మాణం మొత్తం బోధపడుతుంది. నోటుబుక్కులో రాయించి, బాగున్నవి టీచరు ఖాతా నుంచి ఎక్కించొచ్చు. ప్రశ్నపత్రం కోసం కథ పాఠం కావాలంటే పీడీఎఫ్ నుంచి కాపీ చేయకండి, తెలుగు ఒత్తులూ గుణింతాలూ తరచుగా చెదిరిపోతాయి.

అమెరికాలో తెలుగు నేర్పే మనబడి తరగతులకు వెళ్లే పిల్లలకు ఇవే కథలు ఒక లెవెల్ తగ్గించి ఇవ్వాలి. అదే కథ ఇంగ్లీషులోనూ ఉండటం వాళ్లకు పెద్ద ఆసరా. అయితే ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు. వరస తిరగబడితే తెలుగు పేజీలు తిప్పేస్తారు తప్ప చదవరు.

బడి తెరిచాక మొదటి వారంలోనే నోటుబుక్కులు చూడాలి, జూలై వస్తే కథలు మరిచిపోతారు. మార్కులు వేసేముందు ఒక్కొక్కరిని పిలిచి, పదిలో ఏదో ఒక కథ తెరిచి, నడిమి పేజీ పైకి చదివించి, "దీనికి ముందు ఏం జరిగింది?" అని అడగండి. మనిషికి రెండు నిమిషాలు, నలభై మందికి రెండు పీరియడ్లు పడుతుంది.