చేతుల వణుక్కి మూడేళ్లు ప్రొప్రనలాల్ వాడాక

బ్యాంకులో కౌంటర్ ఉద్యోగం నాది. 2020 చివర్లో చేతులు వణకడం మొదలైంది. ఒక్కదాన్నే కూర్చుని నోట్లు లెక్కపెడితే ఏమీ ఉండేది కాదు, ఎదురుగా మనిషి నిలబడి నా వేళ్ల వైపు చూస్తే చాలు, ఓచర్ మీద నా సంతకం నాకే గుర్తుపట్టలేనట్టు వచ్చేది. సాసర్ మీద కప్పు టకటకలాడుతుందని పెళ్లిళ్లలో కాఫీ తాగడం మానేశాను. ఇంట్లో అందరూ నరాల బలహీనత అన్నారు. మొదట చూపించుకున్న చోటా అదే మాట చెప్పి, రక్తపరీక్ష చేయించకుండానే బి12 ఇంజెక్షన్లు వరసగా చేశారు. అలా ఏడాది పోయింది, ఆ కోపం నాకింకా ఉంది.

2022 జనవరిలో న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాను. చేతులు చాపమని, వేళ్ల మీద ఒక కాగితం పెట్టి అది ఎంత ఊగుతుందో చూశారు, నత్తగుల్లలా చుట్టలు గీయమన్నారు, థైరాయిడ్ పరీక్ష రాశారు, రోజుకి ఎన్ని కాఫీలు, ఉబ్బసం ఉందా, ఇన్‌హేలర్ వాడతారా, ఇంట్లో ఇంకెవరికైనా వణుకు ఉందా అని వరసగా అడిగారు. పార్కిన్సన్స్ (చేతులు వణికించే మెదడు జబ్బు) ఏమోనని నా భయం. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ కోసం ప్రతి నవంబరులో వచ్చే ఒక పెద్దాయనకి చెయ్యి ఒళ్లో ఉన్నప్పుడు వణికేది, పెన్ను పట్టుకోగానే తగ్గేది. నాకు సరిగ్గా దానికి ఎదురు. ఆ మాట చెబితే డాక్టరుగారు, మీరు గమనించింది ముఖ్యమైన తేడాయే, కంటికి కనపడనంత వణుకు అందరి చేతుల్లోనూ ఉంటుంది, టెన్షన్‌లో ఒంట్లో ఊరే అడ్రినలిన్ అనే హార్మోను పెరిగితే అదే పెద్దదై కనిపిస్తుంది అన్నారు. ఆ రాత్రి నిద్రపట్టింది.

ఇక మందు, ప్రొప్రనలాల్. పెట్టె లోపలి కాగితంలో బీపీ, గుండెజబ్బు అని చదివి ముందు వేసుకోలేదు. నిజమే, 1960లలో జేమ్స్ బ్లాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీన్ని గుండెనొప్పి కోసమే తయారుచేశారు, 1988లో ఆయనకి నోబెల్ వచ్చింది. అడ్రినలిన్ వెళ్లి తగిలే చోట ఇది అడ్డుపడుతుంది కాబట్టి వణుక్కీ ఇస్తారట. నాకు ఈసీజీ, నాడి చూశాకే 10 మిల్లీగ్రాములది రోజుకి రెండుసార్లు రాశారు. మొదటిరోజు నాకు వింతగా అనిపించింది: కడుపులో గాభరా అలాగే ఉంది, భయం పోలేదు, కానీ గుండె దడదడలాడలేదు, చెయ్యి మాట వింది. వేసుకున్న గంటకి పనిచేసేది, మూడు నాలుగు గంటలు ఉండేది.

ఇబ్బందులూ ఉన్నాయి. చలికాలం వేళ్లు మంచుగడ్డల్లా అయ్యేవి. మూడో అంతస్తు ఎక్కేసరికి కాళ్లు బరువెక్కేవి, మొదటి నెలల్లో పిచ్చి కలలు. 2023 సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మాత్రలు అయిపోయాయి, మూడురోజులు వేసుకోకపోతే గుండె ముందుకంటే ఎక్కువ కొట్టుకుంది. రోజూ వాడేవాళ్లు ఒక్కసారిగా ఆపకూడదని చీటీ మీద రాసే ఉంది, నేను పట్టించుకోలేదు. ఇంటర్వ్యూ ఉందని మా చెల్లెలు ఒకటి ఇవ్వమంది, దానికి ఉబ్బసం, ఇవ్వలేదు. అలిగింది, అయినా ఇవ్వలేదు. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఇది ఊపిరి ఆడకుండా చేస్తుంది. షుగర్‌కి మందులు వాడేవాళ్లు కూడా డాక్టరుకి చెప్పకుండా ముట్టుకోవద్దు, షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ దీనివల్ల తెలియకుండా పోతుంది.

మాత్ర సంచిలో లేదని గుర్తొచ్చి బస్టాపు నుంచి ఇంటికి వెనక్కి పరుగెత్తిన రోజున, ఇది ఇలా కుదరదు అనుకున్నాను. డాక్టరు సైకాలజిస్టు దగ్గరికి పంపారు. అపాయింట్‌మెంట్ దొరికేలోపు రెండు నెలలు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేసి మాట్లాడాను, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. సైకాలజిస్టు నేర్పించినవి వినడానికి చిన్నవే. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి ఆరు లెక్కపెడుతూ వదలడం, ఇది గాభరా వచ్చాక కాదు, రోజూ పొద్దున చేయాలి. పెన్ను బిగించి పట్టుకోకపోవడం (నేను ఏళ్లతరబడి చేసిన తప్పు ఇదే, బిగించేకొద్దీ వణుకు పెరుగుతుంది), మోచెయ్యి బల్లకి ఆనించి రాయడం. అన్నిటికంటే కష్టమైంది, వణుకుతున్నా దాచకుండా జనం ముందు సంతకం చేయడం. మొదటివారం ఏడుపొచ్చింది. కౌంటర్లో ఒకామె "చెయ్యి వణుకుతోందేంటమ్మా" అంటే "టెన్షన్ పడితే అలా అవుతుందండీ" అన్నాను, ఆమె "మా అబ్బాయికీ అంతే" అని పాస్‌బుక్ తీసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత కౌంటర్లో కూర్చోవడం ఎంత తేలికైందో చెప్పలేను.

రోజువారీ మాత్ర డాక్టరు చెప్పినట్టు నెలపాటు తగ్గిస్తూ ఆపేశాం. ఇప్పుడు ఆడిట్ లాంటి రోజున మాత్రమే, అదీ ఆయన అనుమతితో, గంట ముందు ఒకటి వేసుకుంటాను. వణుకు పూర్తిగా పోలేదు, రెండో కాఫీ తాగిన రోజు తెలుస్తూనే ఉంటుంది. మొన్న మేనకోడలి పెళ్లిలో మాత్ర వేసుకోకుండానే సాసర్‌తో కాఫీ తీసుకున్నాను. కప్పు కాస్త చప్పుడు చేసింది, మా పెద్దమ్మతో మాట్లాడుతూ మొత్తం తాగాను.