కొల్లూరులో సొంతిల్లా, బస్తీలోనే కొత్త ఇల్లా, మెట్రో పక్కన అద్దె ఇల్లా: ఏది మేలు?

హైదరాబాదులో కొలువులు పడమటికి చేరాయి. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో టవర్లు లేస్తుంటే వాటి గేట్ల దగ్గర కాపలా కాసేవాళ్లు, ఆ ఇళ్లలో వంటపాత్రలు తోమేవాళ్లు నగరం ఆ చివరి నుంచి బస్సులు మారి వస్తున్నారు. వీళ్లకు ఇల్లు ఎక్కడ కట్టాలన్నదానికి మూడు దారులున్నాయి. రెండింటిని నగరం చూసింది. మూడోది ఇంకా మాటల్లోనే ఉంది.

మొదటిది కొల్లూరు. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర, సంగారెడ్డి జిల్లాలో, 145 ఎకరాల్లో రాష్ట్ర ప్రభుత్వం పేదలకు కట్టిన 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు. 2023 జూన్‌లో ప్రారంభించారు. ఖర్చు 1,400 కోట్ల పైమాటే, అంటే ఇంటికి దాదాపు తొమ్మిది లక్షలు. లబ్ధిదారు కట్టేది ఏమీ లేదు. ఒక్క గదిలో ఆరుగురు సర్దుకుని బతికిన కుటుంబానికి 560 చదరపు అడుగులు, అదీ ఇల్లాలి పేరు మీద! దీన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్లు అద్దె ఇంటి యజమాని చేత ఎన్నడూ మాట పడనివాళ్లే అయి ఉంటారు.

చిక్కంతా పంచిన తీరులో ఉంది. నియోజకవర్గాల వారీగా లాటరీ తీశారు గాని, ఎక్కడ పని చేస్తున్నారని ఎవరినీ అడగలేదు. పటాన్‌చెరు ఫ్యాక్టరీకి వెళ్లే మనిషికి కొల్లూరు వరమే. లాడ్‌బజార్‌లో గాజుల పని చేసే మనిషికి మాత్రం అది ముప్పై కిలోమీటర్ల దూరం. మెట్రో అటు రాదు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు, నిజమే. ఛార్జీ తప్పింది, ప్రయాణం తప్పలేదు. పైగా ఇళ్లలో పని రెండు పూటలా ఉంటుంది: పొద్దున్నే రెండు మూడు ఇళ్లు, మళ్లీ సాయంత్రం. మధ్యలో ఇంటికి వెళ్లి పిల్లలకు అన్నం పెట్టి రాగలిగినంత దగ్గరలో ఉంటేనే ఆ పని సాగుతుంది. ఇల్లు దూరమైతే ముందుగా పని మానేసేది ఇల్లాలే. పట్టా ఉన్నదీ ఆమె పేరు మీదే.

రెండోది బోయిగూడ ఐడీహెచ్ కాలనీ. ఉన్నచోటే పాత ఇళ్లు పడగొట్టి 396 ఇళ్లు కట్టి 2015 నవంబరులో తాళాలిచ్చారు. సికింద్రాబాద్ స్టేషన్, గాంధీ ఆసుపత్రి పక్కనే. పని మారలేదు, బడి మారలేదు, అప్పిచ్చే కిరాణా కొట్టూ మారలేదు. రెండంతస్తుల మేడలే కాబట్టి లిఫ్టుల మరమ్మతు బాధ కూడా లేదు. కొల్లూరు టవర్లలో ఆ ఖర్చు ఎవరు మోయాలన్నది పెద్ద ప్రశ్నే. అయితే ఈ దారి ఇరుకైనది. బస్తీలో అందరినీ ఒప్పించాలి, కట్టేంతవరకు ఎక్కడో తలదాచుకోవాలి. నిన్నో మొన్నో పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన కూలీకి ఇందులో చోటే లేదు.

అతనికి కావలసింది మూడోది: మెట్రో స్టేషన్ దగ్గర తక్కువ అద్దె ఇల్లు. 2020లో కేంద్రం ఇలాంటి అద్దె ఇళ్ల పథకమే తెచ్చింది. చండీగఢ్, సూరత్‌లలో ఖాళీగా పడి ఉన్న సర్కారు ఇళ్లను అద్దెకిచ్చారు కూడా. మనకు స్టేషన్ల పక్కన భూమి లేకనా? ఒప్పందం ప్రకారం మెట్రో నిర్మాణ సంస్థకు 269 ఎకరాలు దక్కాయి. పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో మాల్స్ వచ్చాయి. రైలు ఖర్చు రాబట్టుకోవడానికి అదే ఏర్పాటు. తొలి దశ మెట్రోను తానే తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం 2025లో అంగీకరించింది గనుక మిగిలిన జాగాల గురించి ఇప్పుడైనా అడగవచ్చు.

ఖరీదైన భూమి అమ్మేసి ఆ డబ్బుతో ఊరి చివర ఇళ్లు కడదామనేవాళ్ల లెక్కకూ బలం ఉంది. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ ఒక్క ఎకరం డబ్బుతో కొల్లూరు తరహా ఇళ్లు వెయ్యికి పైగా లేస్తాయి. కాగితం మీద దీనికి తిరుగులేదు. కాకపోతే ఆ వెయ్యి కుటుంబాలు ఏళ్ల తరబడి బస్సుల్లో పోగొట్టుకునే కూలి ఆ కాగితంలో ఏ గడిలోనూ ఉండదు.

నన్నడిగితే హక్కులు తేలిన బస్తీల్లో ఐడీహెచ్ దారి, వలస వచ్చినవాళ్లకు స్టేషన్ల దగ్గర అద్దె ఇళ్లు. ఊరి చివర మరో కొల్లూరు మాత్రం వద్దు. కట్టేసిన ఇళ్లకు ఒక ఉపాయం ఉంది. ఇప్పుడు వాటిని అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. అందుకే దూరమైనవాళ్లకు తాళం వేసుకోవడమో, దొంగచాటుగా అద్దెకివ్వడమో మిగులుతుంది. ఉపాధ్యాయులకు పరస్పర బదిలీలున్నట్టు, కొల్లూరులో ఇల్లు వచ్చి తూర్పున పని చేసేవాళ్లు, నగరానికి తూర్పున రాంపల్లిలో ఇలాంటి ఇల్లే వచ్చి పడమట పని చేసేవాళ్లు ఒకరి ఇల్లు ఒకరు మార్చుకోనివ్వాలి. దానికి ఎకరం భూమి అక్కర్లేదు, ఒక జీవో చాలు.