అండమాన్, లక్షద్వీప్: గడియారం ఒకటే, పొద్దు వేరు

అండమాన్‌కీ లక్షద్వీప్‌కీ మధ్య రేఖాంశంలో దాదాపు 20 డిగ్రీల తేడా ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 80 నిమిషాలు. ఫోన్లో మాత్రం రెండుచోట్లా ఒకటే టైమ్. జనవరి నెలాఖరున పోర్ట్ బ్లెయిర్‌లో ఆరింటికే ఎండ వచ్చేస్తుంది, సాయంత్రం ఐదుంపావు దాటేసరికి పొద్దు గుంకుతుంది. అదే రోజుల్లో లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో ఏడు దాటితేగానీ సూర్యుడు కనబడడు, ఆరున్నరకి కూడా పిల్లలు వెలుగులోనే ఆడుకుంటుంటారు. పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ, మేమెక్కిన ఆటోల్లో ఆ పేరు ఎవరి నోటా వినలేదు.

ఈ తేడా ముందే తెలియకపోతే అండమాన్‌లో డబ్బులు దండగ. అక్కడి హావ్‌లాక్ దీవిలో మేం దిగిన రిసార్టులో టిఫిన్ ఏడున్నరకి. అప్పటికి తెల్లారి గంటన్నర పైనే అయింది, సముద్రం నిలకడగా ఉండే మంచి టైమ్ కాస్తా గదిలోనే గడిచిపోయింది. సాయంత్రం ఆరింటికి చిమ్మచీకటి. పడుకునేదాకా ఏం చేయాలో తోచదు. రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూడాలంటే మూడున్నరకల్లా బయల్దేరాలి, లంచ్ తిని కునుకు తీస్తే అంతే సంగతులు.

ఊళ్లో జనం మాత్రం పొద్దుతోనే నడుస్తారు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు చాలామంది, ఎక్కువగా శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్లు. తెలుగు మాట వినబడి ఒక టిఫిన్ బండి దగ్గర ఆగాం. ఐదున్నరకే వేడి ఇడ్లీ రెడీ. ఇంత పొద్దున్నే ఎవరు తింటారమ్మా అని అడిగితే, ఆవిడ గిన్నె మూత తీస్తూ, "ఇక్కడి ఐదున్నరంటే మన సిక్కోల్లో ఆరు కింద లెక్క బాబూ, పడవలోళ్లు తినేసి ఎల్లిపోనారు కూడాను" అంది. రిసార్టువాళ్లకి లేని లెక్క ఆవిడకుంది. ఈశాన్య రాష్ట్రాలకీ అండమాన్‌కీ గంట ముందుండే వేరే టైమ్ పెట్టొచ్చని 2018లో జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. అది అమలు కాలేదు.

లక్షద్వీప్ వెళ్లడమే ఒక పని. ముందు ప్రవేశ అనుమతి, తర్వాత కొచ్చి నుంచి అగత్తికి విమానం, లేదంటే ఓడ. అనుమతి చేతికొచ్చేదాకా టెన్షనే. ఓడలో వెళ్తే చాలా దీవుల్లో ఒడ్డుదాకా రాదు, బయట ఆపి చిన్న పడవల్లోకి దింపుతారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి అది కష్టం. బంగారం అనే దీవిలోని రిసార్టు తప్పితే మద్యం దొరకదు, శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ కొట్లు మూసేస్తారు. హోమ్‌స్టేలో మూడు పూటలా చేపే. శాకాహారులైతే పొడులు, పచ్చళ్లు వెంట తీసుకెళ్లండి.

అయినా నా ఓటు అగత్తికే. లగూన్, అంటే పగడపు దిబ్బల లోపలి లోతు తక్కువ సముద్రం, పడమటి వైపు ఉంది కాబట్టి టాక్సీ మాట్లాడుకోకుండా, ఇంటి ముందు నుంచే సూర్యాస్తమయం చూడొచ్చు. సాయంత్రం నమాజుకి పిలిచే మగ్రిబ్ అజాన్ పొద్దు గుంకగానే వినిపిస్తుంది, దానికి మన టైమ్‌తో పనిలేదు. మేమున్న ఇంటి పక్కనే ట్యూనా చేపతో మాస్ అనే ఎండుచేప చేసేవాళ్లు. చేపని నిలువుగా చీల్చి, ఉడకబెట్టి, పొగపెట్టి, ఎండలో ఆరేస్తారు. ఎండేసరికి నల్లబడి కొయ్యముక్కలా గట్టిపడుతుంది. ఇంటావిడ దాన్ని దంచి కొబ్బరితో కలిపి పెట్టింది. వట్టి అన్నంలోకి అదొక్కటి చాలు.

చిన్నపిల్లలతో, ముసలివాళ్లతో వెళ్లేవాళ్లకి అండమానే నయం. హోటళ్లు ఎక్కువ, మనవాళ్లకి పర్మిట్ గొడవ లేదు, సెల్యులార్ జైలు ఎలాగూ చూడాల్సిందే. బుకింగ్ చేసేటప్పుడే టిఫిన్ ఆరింటికి పెడతారా అని అడగండి, కుదరదంటే గదికి మాత్రమే కట్టి బయట తినండి. వానాకాలంలో మాత్రం రెండూ వద్దు. అండమాన్‌లో ఫెర్రీలు రద్దవుతుంటాయి, లక్షద్వీప్‌లో ఓడ దిగి పడవెక్కడమే ప్రమాదం.